లినక్సు కెర్నెలు: అసలు, నకలు, ముకాబలా

'అసలు', 'నకలు' అనే మాటలు రెండూ అరబ్బీలో పుట్టి, ఫార్సీ ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడినవి. తహసీలు కచేరీలో భూమి కాగితానికి నకలు కోరిన రైతుకు ఆ మాటల వెనుక ఉన్న నియమం బాగా తెలుసు. ఎత్తి రాసినంత మాత్రాన అది నకలు కాదు. అసలుతో సరిచూచి, సరిచూచినట్లు సంతకం చేసి, ముద్ర వేసిన తర్వాతనే దానికి చెల్లుబాటు. అరబ్బీ, ఫార్సీ వ్రాతప్రతుల ప్రపంచంలో ఈ సరిచూచుటకే 'ముకాబలా' అని పేరు. లేఖకుడు ప్రతి రాయడం ముగించిన పిదప మూలంతో పోల్చి చదివి, పోలిక ఎంతవరకు సాగినదో పుట అంచున గుర్తు వేసేవారు. మన తాళపత్ర గ్రంథాలను పరిష్కరించిన పండితులు చేసిన పని కూడ ఇదే.

ఈ వ్యాసంలో చెప్పబోయేది కంప్యూటరు సంగతి. తెలుగు శాఖవానికి ఇందులో పని యేమిటని కొందరు అడుగవచ్చును. విద్యార్థుల పరిశోధన వ్యాసాలు, ఉర్దూ తెలుగు పాఠాల ప్రతులు, పాత సంచికలు నేడు ఈ యంత్రాలలోనే ఉన్నవి. గ్రంథాలయపు తాళం ఎవరి వద్ద ఉన్నదో తెలుసుకొనవలసిన అవసరం భాషా శాఖలకు ఎంత ఉన్నదో, ఇదీ అంతే.

కెర్నెలు అనగా గింజ లోపలి పప్పు. ఉర్దూలో 'మగ్జ్' అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. బాదం పప్పుకూ, మెదడుకూ, ఎముకలోని మూలుగకూ కూడ ఆ మాటనే వాడతారు. కంప్యూటరులో జ్ఞాపకశక్తిని పంచిపెట్టడం, డిస్కు నుండి చదవడం, మీటల పలకనూ తెరనూ నడపడం, ఏ పని ఎప్పుడు సాగవలెనో నిర్ణయించడం ఇదంతా కెర్నెలు బాధ్యత. లినక్సు కెర్నెలును హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించి, ఆ సంవత్సరం ఆగస్టు 25న లోకానికి ప్రకటించినాడు. 1992లో దానిని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి తెచ్చినాడు. నకలు తీసుకొనే హక్కు, ఆ నకలును పొరుగువానికి ఇచ్చే హక్కు ఆ లైసెన్సులోనే ఉన్నవి. కాబట్టి మనం చేయబోయే పనికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

మీట నొక్కిన క్షణం నుండి జరిగే వరుసను మొదట గ్రహించవలెను. ముందుగా మేలుకొనేది యంత్రపు పలకలోనే నిక్షిప్తమై ఉండే ఫర్మ్‌వేరు. పాత యంత్రాలలో దీనిని బయాస్ అనేవారు. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ. అది డిస్కులో తనకు నిర్దేశించిన చోటును వెదకి, 'గ్రబ్' అనే చిన్న కార్యక్రమాన్ని లేపుతుంది. గ్రబ్ పని కెర్నెలును డిస్కు నుండి జ్ఞాపకంలోకి ఎక్కించి, దానికి పగ్గాలు అప్పగించి తాను తప్పుకోవడం. కెర్నెలు యంత్రాన్ని స్వాధీనం చేసుకొని, 'రూట్' అనబడే మూల విభాగాన్ని తెరచి, అందులోని మొదటి కార్యక్రమాన్ని ప్రారంభిస్తుంది. అక్కడి నుండి మనకు తెలిసిన తెర వస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లు చాల సందర్భాలలో కెర్నెలులో ఉండవు. విడివిడి మాడ్యూళ్ళుగా ఆ డిస్కులోనే ఉంటవి. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్లయినది. ఈ చిక్కును తీర్చడానికే 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అనే మరొక ఫైలును సిద్ధం చేస్తారు. డిస్కు తెరవడానికి అవసరమైన డ్రైవర్లను మాత్రం ఒక మూటగా కట్టి, కెర్నెలుతో పాటే గ్రబ్ చేత జ్ఞాపకంలోకి ఎక్కిస్తారు. ఇది బయట ఉంచిన మారుతాళంచెవి. కెర్నెలు క్షేమంగా ఉండి ఈ మూట ఒక్కటే చెడినా యంత్రం లేవదు.

అందుచేత 'కెర్నెలుకు నకలు తీసినాను' అని ఒక్క ఫైలును చూపితే చాలదు. 'బూట్' అనే ఫోల్డరులో 'వీఎమ్‌లినజ్' పేరుతో కెర్నెలు ఉంటుంది. పేరు చివరి 'జ్' అది కుదించబడిన ఫైలని సూచిస్తుంది. దాని ప్రక్కనే అదే కూర్పు సంఖ్యతో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఏయే అంశాలతో కెర్నెలు తయారైనదో చెప్పే 'కాన్ఫిగ్', గ్రబ్ సామగ్రి ఉంటవి. మాడ్యూళ్ళు మాత్రం వేరేచోట, 'లిబ్' లోపలి 'మాడ్యూల్స్' ఫోల్డరులో కూర్పు సంఖ్య పేరిట ఉంటవి. ఈ సంఖ్యలు అక్షరం తప్పకుండా కలియవలెను. డెబియన్ 12తో వచ్చినది 6.1 కెర్నెలు, ఉబుంటు 24.04తో వచ్చినది 6.8. ఒకదాని మాడ్యూళ్ళు మరొకదానికి పనికిరావు. అంతేకాదు, 6.8లోనే చివరి అంకె మారిన మరొక కూర్పుకు కూడ పనికిరావు. పాట ఒక రాగంలో, తాళం మరొక పాటది అయినట్లుంటుంది.

పూర్వం ఈ పని ఇంతకంటె సులువుగా ఉండేది. 1990లలో కెర్నెలు మొత్తం 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పట్టేది. యంత్రం లేవకపోతే ఆ ఫ్లాపీతో లేపేవారు. లినక్సు స్థాపించేటప్పుడే అట్టిదానిని తయారు చేసుకొమ్మని సలహా వచ్చేది. కెర్నెలు పెరిగి ఫ్లాపీని దాటిపోయిన తర్వాత ఆ అలవాటు పోయినది. దాని స్థానంలో మరొక అలవాటు రాలేదు. అయితే నాటి లీలో అనే బూట్ లోడరుతో ఒక కష్టం ఉండేది. అది కెర్నెలును పేరుతో గాక, డిస్కు మీద అది కూర్చున్న స్థానాలతో గుర్తుంచుకొనేది. నకలును అదే పేరుతో తిరిగి పెట్టినా, స్థానం మారినందున లీలోను మరల నడిపితే గాని యంత్రం లేచేది కాదు. ఇంటి నంబరు తెలిసి మనిషి పేరు తెలియని తపాలా బంట్రోతు వంటిది అది. లీలో అభివృద్ధి 2015లో ఆగిపోయినది. గ్రబ్ ఫైలు వ్యవస్థను తానే చదువగలదు. పేరు సరిగా ఉంటే చాలును.

ఇక చెడిపోవడం ఎట్లా జరుగుతుందో చూతము. చాల చోట్ల 'బూట్' కొరకు కొన్ని వందల మెగాబైట్ల చిన్న విభాగాన్ని ప్రత్యేకించి ఉంచుతారు. కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా అందులో మరొక కెర్నెలు, మరొక మూట చేరుతవి. ఒకనాటికి అది నిండిపోతుంది. అప్పుడు కొత్త మూట సగమే రాయబడుతుంది. యంత్రం నడుస్తున్నంతసేపు ఏ లోపమూ కనిపించదు, ఎందుకనగా నడిచే కెర్నెలు అప్పటికే జ్ఞాపకంలో ఉన్నది. మరల ప్రారంభించిన రోజున గాని గుట్టు బయటపడదు. కొత్త కూర్పు ఎక్కుతుండగా కరెంటు పోవుట రెండవ కారణం. మన జిల్లాలలో దీనిని గురించి వివరించవలసిన పని లేదు.

ఇచ్చట ఒక ఉదంతం చెప్పక తప్పదు. మన ప్రాంతపు పరిశోధక విద్యార్థి ఒకరు రెండేండ్ల పాటు పల్లెలు తిరిగి, పీర్ల పండుగలో ఆడవారు తెలుగులో పాడే పాటలను సేకరించి, తన ల్యాప్‌టాపులో ఎక్కించుకొన్నారు. ఒక మధ్యాహ్నం యంత్రం లేవలేదు. నల్లని తెర మీద 'కెర్నెల్ పానిక్' అనీ, మూల విభాగాన్ని తెరవలేకపోతున్నాననీ కొన్ని వాక్యాలు వచ్చినవి. మరమ్మతు దుకాణంలో చూపగా, 'డిస్కు పోయింది, ఫార్మాటు చేయవలె' అన్నారు, చేసినారు. యంత్రం చక్కగా లేచినది. పాటలు లేవు. ఆ విద్యార్థి ఫోనులో తీసుకొన్న తెర ఛాయాచిత్రాన్ని తర్వాత చూచినాను. అందులో డిస్కు చెడినదని సూచించే మాట ఒక్కటి లేదు. చదువుటలో దోషం కలిగినపుడు కెర్నెలు ఆ సంగతి స్పష్టంగానే చెబుతుంది. ఇచ్చట అది చెప్పినది 'డిస్కును చేరే దారి నా వద్ద లేదు' అని మాత్రమే. అనగా మారుతాళంచెవి మూట లేదు, లేదా సగమే ఉన్నది. అంతకంటె శుభవార్త మరొకటి ఉండదు. పాటలన్నీ అప్పటికి బీరువాలో భద్రంగానే ఉన్నవి. తాళంచెవి దొరకలేదని బీరువాను తగులబెట్టినారు. పాడిన వారిలో ఒక పెద్దమ్మ ఆ నడుమనే గతించినది. ఆమె పాటలు మరల సేకరించే వీలు లేదు.

'పోయింది' అనే మాటకు ముందు ఒక పరీక్ష చేసి తీరవలెనని నేను పట్టుపట్టడానికి కారణం ఇదే. యంత్రం లేవకపోవడం వేరు, దత్తాంశం నశించడం వేరు.

అన్నిటికంటె చౌకయైన నకలు మన వద్దనే ఉన్నది. అది పాత కెర్నెలు. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలు కొత్త కూర్పు వచ్చినా వెనుకటిదానిని వెంటనే తీసివేయవు. యంత్రం లేచేటప్పుడు షిఫ్ట్ మీటను గాని ఎస్కేప్ మీటను గాని నొక్కితే గ్రబ్ పట్టిక కనిపిస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అనే వరుసలో పాత కూర్పులు ఉంటవి. పదిలో ఎన్నో సందర్భాలలో పని ఇంతటితో తీరిపోతుంది. కాబట్టి చోటు చాలదని పాత కెర్నెళ్ళను చేతితో తుడిచివేసే వారు, కొత్తది ఒకసారైనా సక్రమంగా లేచిందని చూడకుండ ఆ పని చేయరాదు. తుడువవలసి వస్తే ప్యాకేజీ నిర్వాహకం ద్వారానే తీయవలెను. ఫైళ్ళను నేరుగా తుడిస్తే గ్రబ్ పట్టికలో పేరు మిగిలి, మనిషి లేని ఇంటికి దారి చూపుతుంది.

ఇక నకలు తీయు విధానం. ఆజ్ఞల పేర్లను ఇచ్చట పలుకుబడిని బట్టి తెలుగు లిపిలో ఇస్తున్నాను. యంత్రం ముందు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టవలెను. మొదట 'యూనేమ్' ఆజ్ఞతో ఇప్పుడు నడుస్తున్న కూర్పు సంఖ్యను తెలుసుకొని రాసిపెట్టుకొనవలెను. పిదప 'టార్' ఆజ్ఞతో బూట్ ఫోల్డరునంతటినీ, ఆ సంఖ్య గల మాడ్యూళ్ళ ఫోల్డరునూ, 'ఈటీసీ'లో ఉండే 'ఎఫ్ఎస్‌ట్యాబ్' ఫైలునూ, గ్రబ్ అమరిక ఫైలునూ ఒకే కట్టగా కట్టవలెను. యూఈఎఫ్ఐ యంత్రాలలో బూట్ లోపల కనిపించే 'ఈఎఫ్ఐ' నిజానికి వేరొక విభాగం; అది కూడ కట్టలో చేరినదని చూచుకొనవలెను. మొత్తం కొన్ని వందల మెగాబైట్లకు మించదు.

విడి ఫైళ్ళుగా పెన్‌డ్రైవులోకి లాగితే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. మార్కెట్టు నుండి వచ్చిన పెన్‌డ్రైవులు సాధారణంగా ఫ్యాట్ పద్ధతిలో ఉంటవి. అది లినక్సు ఫైలు యజమాని పేరునూ, అనుమతులనూ, లంకెలనూ దాచలేదు. టార్ కట్టలో అవి అన్నియు లోపలనే భద్రంగా ఉంటవి. కట్ట ఏ పెన్‌డ్రైవులో ఉన్నా బాధ లేదు. ఆ పెన్‌డ్రైవును యంత్రానికే తగిలించి ఉంచడం మాత్రం నకలును అసలు బీరువాలోనే దాచడం వంటిది.

తర్వాత ముకాబలా. 'షా-256' అనే లెక్క ఫైలులోని ప్రతి అక్షరాన్నీ కలుపుకొని 64 అక్షరాల ముద్రను తయారు చేస్తుంది. కట్టలో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. డిస్కులోని కట్టకూ పెన్‌డ్రైవులోని కట్టకూ ముద్రలు కలిసినపుడే అది నకలు. 2011 ఆగస్టులో కెర్నెలు మూలాన్ని పంపిణీ చేసే కెర్నెల్.ఆర్గ్ సర్వర్లలోకి ఎవరో చొరబడినట్లు బయటపడినపుడు లోకం బెదిరిపోకపోవడానికి కారణం ఇట్టి ముద్రలే. టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన 'గిట్' ప్రతి ఫైలుకూ, ప్రతి మార్పుకూ ముద్ర వేసి ఉంచుతుంది. వేలాది మంది వద్ద పూర్తి నకళ్ళు ఉన్నవి. ఎవరైనా పాత చరిత్రలో ఒక్క అక్షరం మార్చినా, ఆ నకళ్ళతో పోల్చిన వెంటనే దొరికిపోవును.

అయితే ముద్రలు కలియుట దేనిని రుజువు చేస్తుంది? నకలు అసలు వలెనే ఉన్నదని మాత్రమే. అసలులోనే దోషముంటే లేఖకుడు ఎంత శ్రద్ధగా రాసినా దోషమే వస్తుంది; పరిష్కర్తలకు ఇది నిత్యానుభవం. సగం రాయబడిన మూటకు కూడ నిర్దుష్టమైన నకలు తీయవచ్చును. అందుచేత ఏ కెర్నెలుతో యంత్రం ఆ ఉదయం సక్రమంగా లేచినదో, దానికే నకలు తీయవలెను. కొత్త కూర్పు ఎక్కించి, మరల ప్రారంభించకుండ తీసిన నకలుకు నమ్మకం లేదు. ఇంకొక మెట్టు పైకి పోయి, నకలులోని కెర్నెలునూ మూటనూ వేరొక పేరుతో బూట్‌లో ఉంచి, గ్రబ్ పట్టికలో 'ఈ' అక్షరం నొక్కి, ఆ రెండు పేర్లనూ మార్చి యంత్రాన్ని లేపి చూడవచ్చును. అట్లు చేసిన మార్పు ఆ ఒక్కసారికే. మరుసటి ప్రారంభానికి పాత పేర్లే వస్తవి కాబట్టి భయం లేదు.

డిస్కు మొత్తాన్ని యథాతథంగా ఎత్తే 'డీడీ' ఆజ్ఞను గురించి కొందరు ఉత్సాహంగా చెబుతారు. అది పనికివచ్చేదే, గాని చేతికి కొత్తవారికి తగదు. ఎక్కడి నుండి, ఎక్కడికి అనే రెండు పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు అసలు మీద పరచబడుతుంది. యంత్రం ఒక్క మాట అడుగదు. పరికరం పేరు ఒకటి తప్పితే ఏమగునో టోర్వాల్డ్స్ తన ఆత్మకథ 'జస్ట్ ఫర్ ఫన్'లో రాసినాడు. తొలి దినాలలో మోడెముకు పంపవలసిన సమాచారాన్ని పొరపాటున డిస్కుకు పంపగా, ఆయన వాడుతున్న మినిక్స్ విభాగం చెడిపోయినది. దానిని మరల స్థాపించక, తన లినక్సు మీదనే నిలిచినాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

పునరుద్ధరణకు కావలసినది ఒక లైవ్ పెన్‌డ్రైవు, అనగా స్వయంగా లేవగల లినక్సు. యంత్రాన్ని దానితో లేపి, 'ఎల్ఎస్‌బీఎల్‌కే' ఆజ్ఞతో డిస్కు విభాగాలు కనిపిస్తున్నవో లేదో చూడవలెను. ఇదే నేను పైన చెప్పిన పరీక్ష. విభాగాలు కనిపించి, ఫైళ్ళు తెరచుకొంటే డిస్కు బ్రతికి ఉన్నది. ముందుగా విద్యార్థి ఫైళ్ళను వేరొక చోటికి ఎత్తి, తర్వాతనే మరమ్మతు ప్రారంభించవలెను. చదువుటలో దోషాలు వస్తున్నట్లు తెర చెబితే డిస్కు మీద ఒక్క అక్షరం కూడ రాయరాదు. ఎత్తగలిగినది ఎత్తుకొని ఆగవలెను. విభాగానికి రహస్య సంకేతం వేసి ఉంటే ముందు దానిని విప్పవలెను. సంకేతపదం మరచిన వారికి ఈ వ్యాసం ఉపకరించదు.

డిస్కు క్షేమమని తేలిన పిదప, మూల విభాగాన్ని 'ఎమ్ఎన్‌టీ' ఫోల్డరు కింద తగిలించి, దాని లోపల బూట్, ఈఎఫ్ఐ విభాగాలను వాటి చోట్లలో తగిలించవలెను. ఈ మెట్టును మరచి, ఖాళీ బూట్ ఫోల్డరులో నకలు పెట్టి, పని కాలేదని నిట్టూర్చేవారే ఎక్కువ. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటిని కూడ లోపలికి కలిపి, 'ఛేంజ్ రూట్' ఆజ్ఞ ఇస్తే, లేవని యంత్రం లోపలికే ప్రవేశించినట్లగును. బూట్ నిండి ఉంటే అక్కరలేని పాత కూర్పును తీసి చోటు చేయవలెను. పిదప మూడు మార్గాలు. మూట ఒక్కటే చెడితే దానిని అచ్చటనే మరల కట్టించవచ్చును; డెబియన్ కుటుంబంలో 'అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్', ఫెడోరా కుటుంబంలో 'డ్రాకట్' ఆ పని చేస్తవి. ఇంటర్నెట్టు ఉంటే కెర్నెలు ప్యాకేజీనే మరల స్థాపించవచ్చును. రెండూ వీలుకాని చోట మన టార్ కట్ట నుండి ఫైళ్ళను యథాస్థానంలో దించవలెను. చివర 'అప్‌డేట్ గ్రబ్' నడిపి పట్టికను తిరిగి రాయించవలెను. గ్రబ్ కూడ చెడి 'గ్రబ్ రెస్క్యూ' అనే పిలుపు వద్దనే యంత్రం ఆగిపోయి ఉంటే 'గ్రబ్ ఇన్‌స్టాల్' కూడ అవసరం.

డిస్కునే మార్చి నకలును కొత్తదానిలో దించినవారు ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలును తప్పక తెరచి చూడవలెను. అందులో విభాగాలను యూయూఐడీ అనే పొడవైన సంఖ్యతో గుర్తిస్తారు. కొత్త డిస్కుకు కొత్త సంఖ్య. పాత సంఖ్య అట్లే ఉంటే అన్నీ సరిగా ఉండి కూడ యంత్రం నడుమ దారిలో నిలిచిపోతుంది.

మన ప్రయోగశాల విషయంలో కళాశాల కమిటీ వారికి ఒక మనవి. 16 గిగాబైట్ల పెన్‌డ్రైవులు రెండు కొని, ఒకదానిలో లైవ్ లినక్సును, రెండవదానిలో ప్రతి యంత్రపు టార్ కట్టను ఉంచవలెను. రెండూ ప్రయోగశాలలో గాక ఆఫీసు బీరువాలో ఉండవలెను. స్టాకు రిజిస్టరులో యంత్రపు సంఖ్య, కెర్నెలు కూర్పు, నకలు తీసిన తేదీ, ముద్రలోని మొదటి ఎనిమిది అక్షరాలు, నకలుతో యంత్రాన్ని లేపి చూచిన తేదీ అని అయిదు గళ్ళు గీయవలెను. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసను నకలుగా లెక్కించరాదు. కొత్త కూర్పు ఎక్కించినప్పుడల్లా ఆ రిజిస్టరు మీద సంతకం చేయు బాధ్యతను ఇద్దరు తృతీయ సంవత్సర విద్యార్థులకు అప్పగించినచో, పరీక్షల నెల రాకముందే ఒక వరుస పూర్తి కాగలదు.